ఆ నోరే చెప్పాలి

దామోదర్‌రావుకు ఆరు భాషలు వచ్చు. నాకు ఒక్కటే వచ్చు, అది కూడా మోటుగానే వచ్చని అతని అభిప్రాయం. ఆరు భాషలు వచ్చినవాడు ఒక్క భాష వచ్చినదాని చేతిలో ఎలా నలిగాడో చెబుతాను. కాస్త జాలిగా చెప్పమని మాత్రం అడగకండి. నా దగ్గర అది లేదు.

నా పేరు ఉప్పలమ్మ. మాది పెన్‌పహాడ్. ఎండుమిర్చి గంప నెత్తిన పెట్టుకుని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అంగళ్ళు తిరిగి అమ్ముకునేదాన్ని. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు పోయాడు. పుట్టింటికి వచ్చేసరికి అమ్మా నాయనా కూడా లేరు. మిగిలింది తమ్ముడు కాటయ్య ఒక్కడే. వాణ్ణి నేనే సాకాను. వాడికి ముద్ద కలిపి పెట్టిన చెయ్యి ఇది.

సూర్యాపేట అంగడిలో గంప దించి కూర్చుంటే చాలు, చెవుల్లో లోకమంతా పడేది. ఇటు రైతుల తెలుగు, అటు అత్తరు దుకాణంలో ఉర్దూ. కట్టెల మోపులు తెచ్చిన లంబాడీ ఆడవాళ్ళు తమలో తాము ఒక మాట, మాతో బేరానికి ఇంకో మాట మాట్లాడేవాళ్ళు. గంపలల్లే ఎరుకలవాళ్ళకు వాళ్ళ మాట వాళ్ళకుంది. ధాన్యం కొనే కాశీరాం సేటు ఇంట్లో మార్వాడీ. బెజవాడ వైపు నుంచి వచ్చే పొగాకు వ్యాపారులది తెలుగే అయినా, వాళ్ళు మా మాటకు నవ్వేవాళ్ళు, మేము వాళ్ళ మాటకు నవ్వేవాళ్ళం. ఎవరి మాట వాళ్ళది. అన్ని మాటల్లోనూ దూరి తిరిగేవాడు ఒక్క దామోదర్‌రావే. చితికిపోయిన దొర కుటుంబం, పట్నంలో చదువు, పైగా చక్కని గొంతు. ఏ భాషలో మాట్లాడితే ఆ భాషవాడిలాగే ముఖం పెట్టేవాడు.

సంఘం రోజుల్లో మా ఊళ్ళో అతని బీడు చెల్క ఒకటి పేదలకు పంచారు. అందులో ఒక ముక్క కాటయ్యకు వచ్చింది. రాళ్ళు ఏరి, దున్ని, జొన్న వేశాడు. వాడు చేసిన నేరం అంతే. ఆ జొన్న మోకాలెత్తు పెరిగేసరికి రజాకార్లు పోయారు, మిలటరీ వచ్చింది. సిపాయిలు ఎక్కడెక్కడివాళ్ళో. వాళ్ళ మాట మాకు తెలియదు, మా మాట వాళ్ళకు తెలియదు. మధ్యలో దుబాసిగా ఖాకీ టోపీ పెట్టుకుని ఎవరు దిగారనుకున్నారు? దామోదర్‌రావే.

ఆ రోజు పొద్దున ఊరందరినీ చావడి ముందు కూర్చోబెట్టారు. మగవాళ్ళను ఒక్కొక్కరినే లేపి, నిన్న పొద్దుగూకిన తర్వాత ఎక్కడున్నావని అడుగుతున్నారు. నేను జ్వరంతో గోడకు ఆనుకుని ఉన్నాను. కాటయ్య వంతు వచ్చింది. నిలబడి, నదురుబెదురు లేకుండా చెప్పాడు.

"మా అక్కకు జొరమొచ్చింది సారూ. ఒళ్ళు కాలిపోతుంటె బండి గట్టి సూర్యాపేట దవాఖానకు తీస్కపోయిన. తెల్లారినంక మర్లొచ్చినం. గంతే."

దామోదర్‌రావు ఆఫీసరు వైపు తిరిగి ఏదో చెప్పాడు. ఆఫీసరు ముఖం బిగుసుకుంది. ఏదో తేడా వచ్చిందని నాకు అనిపించింది కానీ, ఏమిటో తెలియదు. గోడ పట్టుకుని లేచి ముందుకు వెళ్ళాను. మందు సీసా చేతిలోనే ఉంది, పైకెత్తి చూపించాను.

"అవు సారూ, నన్నే తీస్కపోయిండు. వానికేం దెల్వదు. ఇడిసిపెట్టుండ్రి, మీ కాళ్ళు మొక్కుత."

దామోదర్‌రావు నా వైపు ఎంతో దయగా చూసి, తల ఊపి, మళ్ళీ ఆఫీసరుతో మాట్లాడాడు. అతని గొంతు మెత్తగా ఉంది. మనకోసమే చెబుతున్నాడనుకుని నేను అతనికి కూడా దండం పెట్టాను. ఆ దండం తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు నాకే కంపరం పుట్టిస్తాయి. కాటయ్యను లారీ ఎక్కించారు. మర్నాడు బండి మీద తెచ్చి ఇంటి ముందు దించారు. పారిపోతుంటే కాల్చారట. నా తమ్ముడు పరుగెత్తడం నేను పసితనం నుంచి చూస్తున్నాను. వాడు పారిపోతే వెనకనుంచి తగలాలి. దెబ్బ రొమ్ములో ఉంది.

కొన్నాళ్ళకు గాజుల మదార్‌బీ మా ఇంటికి వచ్చింది. ఊరూరా గాజులు తొడిగే ఆమె ఆ రోజు చావడి పక్క అరుగు మీదే ఉంది. ఆమె ఇంటి మాట ఉర్దూ. దామోదర్‌రావు ఆఫీసరుకు హిందుస్తానీలో చెప్పింది ఆమెకు పూర్తిగా అర్థమైంది. తలుపు మూసి, నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"ఉప్పలమ్మా, నీ తమ్ముడు జెప్పింది వాడు జెప్పలే. బండి నిండ జొన్నలేసుకొని గుట్టల్ల దాక్కున్న సంగపోళ్ళకు ఇచ్చొచ్చిండని జెప్పిండు."

"మరి నేను జెప్పింది?"

మదార్‌బీ నా చెయ్యి వదిలింది. "ఒక్కపారి తప్పు జేసిండు, మాఫ్ జెయ్యుండ్రి అని వాని అక్క సుతం ఒప్పుకుంటుంది అన్నడు. నేను అప్పుడే లేచి జెప్పాలె. గా దినాలల్ల ఉర్దూల నోరు తెరిస్తె నన్ను సుతం లారీ ఎక్కిస్తరని భయపడ్డ. నన్ను తిట్టు, కొట్టు."

ఆమెను తిట్టలేదు. ఆమె భయం నాకు తెలుసు. రజాకార్ల పాపం అంతా ఉర్దూ మాట్లాడే ప్రతి ఇంటి మీదా పడుతున్న రోజులవి. నా కోపమంతా ఒక్కచోటికే పోయింది. నా తమ్ముడి మాటను మార్చి చంపడం ఒక ఎత్తు. నా నోట్లోంచి వచ్చిన మాటనే ఉరితాడుగా పేని వాడి మెడకు వెయ్యడం ఇంకో ఎత్తు. సాక్ష్యం నాదే అయ్యింది. కాగితం మీద అలాగే రాసి ఉంటారు, అక్క ఒప్పుకుందని.

కొడవలి తీసుకుని వెళ్ళి అతని గొంతు కోసేయాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, సానబట్టాను కూడా. తర్వాత ఆలోచిస్తే, అది అతనికి చాలా తక్కువ అనిపించింది. చచ్చినవాడు ఏం చెబుతాడు? నాకు కావలసింది అతని నోరు. నా మాటను వంకర చేసి మోసుకుపోయిన ఆ నోరే, నా తమ్ముడి మాటను ఒక్క వంకర లేకుండా ఎవరో ఒక ఆఫీసరు ముందుకు మోసుకుపోవాలి. అది జరిగేదాకా ఆ నోటికి ఇంకే పనీ ఉండకూడదు. అతని తిండీ, గౌరవం అంతా ఆ నోటి మీదే కదా. ఏ భాషలోకి దూరితే ఆ భాషలో తలుపు మూయించాలి.

మదార్‌బీని ఒకటే అడిగాను. "వీడు నా తమ్ముని మాట మార్చి సంపించిండు అని మీ మాటల ఎట్లంటరో నేర్పు."

ఆమె నేర్పింది. ఊరికీ ఊరికీ మధ్య దారిలో నడుస్తూ, ఆమె గాజుల మలారంతో, నేను మిర్చి గంపతో, నాలుక తిరిగేదాకా పలికాను. "ఇనే మేరే భాయీకి బాత్ పల్టాకే ఉసే మర్వాయా." నా ఉర్దూ విని మదార్‌బీ ఏడవాలో నవ్వాలో తెలియక ముఖం తిప్పుకునేది.

సిపాయిల క్యాంపు వేరేచోటికి కదిలాక దామోదర్‌రావు సూర్యాపేటలో దళారి పనికి దిగాడు. ఇద్దరు వేరువేరు మాటలవాళ్ళ మధ్య నిలబడి బేరం కుదర్చడం అతనికి అన్నం తిన్నంత తేలిక. మొదటి అంగడిరోజున అతను అత్తరు దుకాణం ముందు ఇద్దరు పెద్దమనుషులతో ఉర్దూలో ముచ్చటాడుతుంటే, ఎదురుగా పోయి గంప దించి, నేర్చుకున్న మాట గట్టిగా అన్నాను.

ఆ పెద్దమనుషులు తల తిప్పి నన్ను చూశారు, తర్వాత అతన్ని చూశారు. దామోదర్‌రావు నవ్వాడు. "పిచ్చిది. తమ్ముడు సంగపోడు, కాల్పులల్ల సచ్చిండు," అని నాకూ తెలియాలని వాళ్ళకు తెలుగులోనే చెప్పాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు, "నోరు మూస్కొని మిర్చి అమ్ముకో. క్యాంపు పోయిందనుకున్నవా? నిన్ను సుతం లారీ ఎక్కియ్యాల్నా?"

"ఎక్కియ్యి," అన్నాను. "ఆడ సుతం గిదే మాట జెప్త. నాకిప్పుడు వాళ్ళ మాటొచ్చు."

అప్పుడు అతని నవ్వు కాస్త తగ్గింది. ఆ తగ్గడం చూశాక నాకు ఆకలి పుట్టింది, అన్నం ఆకలి కాదు.

లంబాడీ మాట ధర్మా పెండ్లాం దగ్గర నేర్చుకున్నాను. ధర్మా మా ఊరి దగ్గరి తండాకు పెద్ద. ఆమెకు మా తెలుగు బాగా వచ్చు. ఆమె మొత్తం విన్నది. లేచి నా మెడ చుట్టూ చేతులు వేసి, తల నా భుజానికి ఆన్చి రాగం తీసింది. వాళ్ళలో ఆడవాళ్ళు చాలా రోజులకు కలిస్తే అలాగే కావలించుకుని, జరిగినదంతా పాటగా ఏడుస్తారు. ఎవరు పోయారో, ఎవరివల్ల పోయారో, పేరుపేరునా అందులో ఉంటుంది. మిగతా ఆడవాళ్ళూ చేరారు. నాకు మాటలు అర్థం కాలేదు. మధ్యలో కాటయ్య పేరు వినబడింది, దామోదర్‌రావు పేరు వినబడింది. తమ్ముడు పోయాక నేను గొంతెత్తి ఏడ్చింది ఆ రోజే. ఏడుస్తూ ఏడుస్తూనే నాకు తట్టింది. ఈ ఆడవాళ్ళు రేపు ఇంకో తండా ఆడవాళ్ళను కలుస్తారు. కలిసిన ప్రతిచోటా ఇలాగే ఏడుస్తారు. నేను నడవలేనంత దూరం నా మాట నడుస్తుంది.

మార్వాడీ మాట కాశీరాం సేటు ఇంటి వంటమనిషి చెప్పాడు, పెరటి గుమ్మంలో మిర్చి తూస్తుండగా. సేటు మాత్రం చేతులు అడ్డంగా ఊపాడు.

"ఉప్పలమ్మా, దందా వేరే, గొడవ వేరే. నేను ఎవని జోలికి పోను."

నేను గుమ్మంలోనే నిలబడి ఆ మాట అన్నాను. లోపలినుంచి సేటు తల్లి బయటికి వచ్చింది. ముసుగు కళ్ళదాకా దించుకుని ఉంది. ఈ దేశం వచ్చాక ఇంటివాళ్ళు కానివాళ్ళ నోట ఆమె మాట ఆమె ఎన్నడూ వినలేదట. వినడం వినడమే ఇలాంటి మాట వినాల్సి వచ్చింది పాపం. నన్ను కూర్చోమంది. మొత్తం చెప్పమంది. వంటమనిషి చెబుతుంటే విన్నది. తర్వాత కొడుకుతో ఏదో అన్నది, అంత గట్టిగా కూడా కాదు. ఆనాటి నుంచి కాశీరాం గుమాస్తా దామోదర్‌రావును చూస్తే సేటు ఇంట్లో లేడని చెప్పడం మొదలుపెట్టాడు. సేటు గద్దె మీద కళ్ళెదుట కూర్చునే ఉండేవాడు.

ఇలా సూర్యాపేటలో ఒక్కొక్క నోరూ మూతపడింది. దామోదర్‌రావు ఉర్దూలో పలకరిస్తే ఉర్దూవాళ్ళు ఆకాశం చూసేవాళ్ళు. లంబాడీలో పిలిస్తే కట్టెల ఆడవాళ్ళు కావలించుకుని రాగం అందుకునేవాళ్ళు. ఆ రాగంలో తన పేరు అందరికంటే బాగా అర్థమయ్యేది అతనికే. అన్ని భాషలు వచ్చినందుకు అదొక లాభం. నేను నా గంప దగ్గర కూర్చుని చూస్తుండేదాన్ని. ఆ రోజుల్లో మిర్చి సరిగ్గా అమ్ముడుపోకపోయినా నాకు బాధ లేదు.

అతను కోదాడకు మారాడు. అక్కడ బస్సులు ఆగేచోట నాంచారమ్మ అనే ఆంధ్రా ఆమె పూటకూళ్ళు నడిపేది. జగ్గయ్యపేట వైపునుంచి వచ్చింది. దామోదర్‌రావు అక్కడే తింటున్నాడని తెలిసి వెళ్ళి, అతనికి తిండి పెట్టొద్దన్నాను. అరుగు మీద విస్తళ్ళు కడుతూ ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఏంటమ్మా, మీ తెలుగు నాకు సగమే అర్థమవుద్ది. ఆయన పెద్దమనిషి. నా దగ్గర భోంచేసి, నాతో మా ఊరి యాసలోనే మాట్లాడతాడు. మా తమ్ముడిలాగుంటాడు."

ఆ తమ్ముడు అనే మాటకు నా ఒళ్ళు మండిపోయింది. కానీ నేను జవాబు చెప్పేలోపే, ఎదురుగా అంగట్లో లంబాడీ ఆడవాళ్ళు ఇద్దరు ఎదురుపడ్డారు. మోపులు దించి, కావలించుకుని, రాగం తీశారు. వాళ్ళను నేను ఎప్పుడూ చూడలేదు. వాళ్ళు కూడా నన్ను చూడలేదు.

నాంచారమ్మ చెయ్యి ఆపింది. "ఏం అమ్మాయ్, ఎవరు పోయారు?" అని అరిచి అడిగింది.

"పెన్‌పహాడ్ కాటయ్య," అని అటునుంచి ఒకామె కళ్ళు తుడుచుకుంటూ అన్నది. "దుబాసోడు మాట మార్చి సంపించిండు. వాని అక్క మాటనే మార్చిండంట."

"మీకేమవుతాడు?"

"ఏమీ గాడు. మా ఆడోళ్ళు ఏడ్సిన్రు, మేము ఏడుస్తున్నం."

నాంచారమ్మ నా వైపు తిరిగింది. "వాడి అక్కవి నువ్వేనా?" అంది. నేను తల ఊపాను.

మధ్యాహ్నం దామోదర్‌రావు వచ్చి పీట మీద కూర్చున్నాడు. అందరి ముందూ విస్తళ్ళు పడ్డాయి, అతని ముందు నేల ఖాళీగా ఉంది. "ఏమండీ అక్కయ్యగారూ, మమ్మల్ని మర్చిపోయారా?" అన్నాడు, అచ్చం ఆమె ఊరివాడిలాగే.

"మర్చిపోలేదండీ," అంది నాంచారమ్మ, పక్కవాడికి పప్పు వడ్డిస్తూ. "మీకు ఇక్కడ విస్తరి వెయ్యను. లెండి."

అతను లేచాడు. గుమ్మంలో నన్ను చూశాడు. అతనికి మొదటిసారి ఏ భాషా దొరకలేదు. నా కళ్ళు చల్లబడ్డాయి.

ఇక చాలు అనుకున్నాను కానీ ఒక సంగతి మరిచిపోయాను. మిర్యాలగూడ పశువుల అంగడిలో బేరానికి భాషే అక్కర్లేదు. దళారి భుజం మీది తువ్వాల తీసి చేతి మీద కప్పుతాడు. ఆ బట్ట కింద అమ్మేవాడు దళారి వేళ్ళు పట్టుకుని తన ధర చెబుతాడు. అలాగే కొనేవాడు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఒక్కరికీ తెలియదు, మాట పైకి రాదు. దామోదర్‌రావు అక్కడికి పోయి కొత్త తువ్వాల కొనుక్కున్నాడు. నేను వెళ్ళేసరికి మూగవాడిలా నిలబడి హాయిగా ఎద్దులు అమ్మిస్తున్నాడు. మాట లేకుండా కూడా బతకగలనని నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు. గంప దించి అక్కడే కూలబడ్డాను. అంత కష్టం గంగలో కలిసినట్టే అనిపించింది.

ఈదయ్య అని వాడపల్లి వైపు ముసలి రైతు ఒకాయన ఎద్దుల జత తోలుకొచ్చాడు. నా దగ్గర మిర్చి కొంటూ, ఎందుకలా ఉన్నావని అడిగాడు. చెప్పాను. అన్ని భాషల్లో చెప్పి చెప్పి అలిసిపోయి, నా మోటు తెలుగులోనే చెప్పాను. ఆయన మొత్తం విని, ఎద్దుల దగ్గరికి పోయాడు. దామోదర్‌రావు తువ్వాల కప్పిన చెయ్యి ముందుకు చాపాడు. ఈదయ్య తన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నోటితోని జెప్పిన మాటనే మార్చినవంట," అన్నాడు, నలుగురికీ వినబడేలా. "గా మాట ఊరంత ఇన్నది. ఈ బట్ట కింద నేను పట్టిన ఏళ్ళు నువ్వు అవతలోనికి ఏమని జెప్తవో ఎవడు సూడొచ్చిండు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వలేదు. అది నాకు బాగా గుర్తుంది. ఆలోచించారు. తువ్వాల కింద బేరమంటే దళారిని కళ్ళు మూసుకుని నమ్మడమే కదా. ఆ పూట ఆ తువ్వాల కిందికి ఇంకో చెయ్యి పోలేదు.

పొద్దు వాలకముందే దామోదర్‌రావు నా గంప దగ్గరికి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఉప్పలమ్మా, ఏం గావాల్నే నీకు? ఆ చెల్క మొత్తం నీ పేరు మీద రాసిస్త. నన్ను బతకనియ్యి."

"చెల్క వద్దు. నా తమ్ముడు జెప్పింది జెప్పినట్టు ఆఫీసరుకు జెప్పు. నేను జెప్పింది సుతం."

"ఆ ఆఫీసరు ఎన్నడో పాయె! ఎవనికి జెప్పమంటవ్?"

"ఏ ఆఫీసరైతేంది? కుర్సీల గూసున్నోడు ఎవడైనా సరే. నీ నోటితోని."

"జెప్తె నన్ను లోపలేస్తరు."

"నా తమ్ముణ్ణి లోపల గూడ ఎయ్యలే," అన్నాను.

అతను వెళ్ళిపోయాడు. తర్వాత కొన్నాళ్ళు కనబడలేదు. ఇంట్లోంచి బయటికి రావడం లేదన్నారు. నాకు సంతోషం కాలేదు, ఒళ్ళు మండింది. దాక్కున్న నోరు నాకేం పనికొస్తుంది?

మరుసటి యేడు, జొన్న కోతల సమయంలో, ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన పెద్ద ఆఫీసరు సూర్యాపేట ముసాఫిర్ బంగళాలో దిగి, జనం గోడు వింటున్నాడని చాటింపు వేశారు. ఆయనది హిందీ. తండాలవాళ్ళు కూడా వస్తారు కాబట్టి లంబాడీ, తెలుగు రెండూ తెలిసిన దుబాసి కావాలన్నారట. ఎవరు దొరికారో వేరే చెప్పాలా? అంగట్లో ముఖం చెల్లనివాడికి సర్కారు నీడ దొరికింది. ధర్మా వచ్చి ఆ సంగతి చెబుతుంటే నేను నవ్వాను. తమ్ముడు పోయాక నవ్వడం అదే మొదలు.

"మా తండాను పొద్దుగాల్నే పిలుస్తరు," అన్నాడు ధర్మా. "మా వంతు నీకిస్తం. నువ్వు ముందు పో."

మదార్‌బీని కూడా రమ్మన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. సర్కారు బంగళా అంటే ఇంకా వణుకే. నేను బలవంతపెట్టలేదు.

బంగళా వసారాలో ఆఫీసరు కుర్చీలో ఉన్నాడు. పక్కన దామోదర్‌రావు, ఇస్త్రీ చొక్కాతో. తండా పిలుపు రాగానే నేను మెట్లెక్కాను. నన్ను చూసి అతను చొక్కా సర్దుకున్నాడు. నా వెనక ధర్మా, అతని వెనక తండా అంతా, కాశీరాం గుమాస్తా, అంగడి జనం. నేను ఆఫీసరును చూడలేదు. అతన్నే చూస్తూ చెప్పాను.

"నా తమ్ముడు కాటయ్య. జొరమొచ్చిన నన్ను దవాఖానకు తీస్కపోయిండు. అదే మాట మిలటరీ ఆఫీసరుకు జెప్పిండు. దుబాసి దాన్ని మార్చి సంపించిండు. నేను జెప్పిన మాట సుతం మార్చిండు. జెప్పు."

దామోదర్‌రావు ఆఫీసరు వైపు వంగి, ఆ పాత మెత్తని గొంతుతో ఏదో అన్నాడు. ఆఫీసరు నా వైపు జాలిగా చూశాడు. సాయం అడిగే విధవరాలిని చూసే చూపది. మళ్ళీ అదే, నా కళ్ళ ముందే, మళ్ళీ అదే.

"గలత్ బోల్‌రా సాబ్! ఇనో యే నై బోలీ!"

జనం వెనకనుంచి ఒక ఆడగొంతు. బురఖా వేసుకున్న మనిషి అందరినీ తోసుకుంటూ ముందుకు వచ్చింది. మదార్‌బీ. చేతి గాజులు గలగలలాడుతున్నాయి. తప్పు చెబుతున్నాడని, ఆమె అన్నది ఇది కాదని ఇంకోసారి అన్నది. వెంటనే ధర్మా అందుకున్నాడు, తనకు వచ్చిన హిందీ ముక్కల్లో. గుమాస్తా కూడా గొంతు కలిపాడు. అందరూ ఒకే మాట. ఇన్నాళ్ళుగా ఒక్కో భాషలో నానిన మాటే.

ఆఫీసరు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. దామోదర్‌రావు వైపు తిరిగి, "ఠీక్ సే బోలో," అన్నాడు. సరిగ్గా చెప్పమన్నాడు.

ఇప్పుడతనికి తప్పించుకునే సందు లేదు. ఏ భాషలోకి దూకినా అక్కడ ఒకరు నిలబడి ఉన్నారు. మొదలుపెట్టాడు. ఒక్కో మాటా చెప్పి ఆగుతున్నాడు. ఆగిన ప్రతిసారీ నేను మదార్‌బీ ముఖం చూస్తున్నాను. ఆమె తల ఊపితేనే తర్వాతి మాట చెబుతున్నాను. అక్కకు జొరమొచ్చిందని చెప్పాడు. బండి కట్టాడని చెప్పాడు. సూర్యాపేట దవాఖాన అని, తెల్లారి తిరిగి వచ్చారని, మందు సీసా చూపించిందని, కాళ్ళు మొక్కుతానన్నదని, అన్నీ చెప్పాడు. నా తమ్ముడి మాటలు అతని నోట్లోంచి వస్తుంటే, కాటయ్యే నిలబడి చెబుతున్నట్టుంది. ఎంత సాఫుగా చెప్పాడో! చేతనైన పనే కదా. ఆ రోజు కూడా ఇలాగే చెప్పి ఉంటే నా తమ్ముడు ఇంట్లో జొన్నరొట్టె తింటూ ఉండేవాడు.

"కౌన్ దుబాసి?" అన్నాడు ఆఫీసరు.

ఆ మాట నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వేలు చాపి చూపించాను. ఆఫీసరు కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"సచ్ హై?"

దామోదర్‌రావు అలవాటుకొద్దీ నా వైపు తిరిగాడు. "నిజమేనా అని అడుగుతున్నరు," అన్నాడు.

"నన్ను గాదు," అన్నాను. "నిన్ను."

అతను ధర్మాను చూశాడు, గుమాస్తాను చూశాడు, మదార్‌బీని చూశాడు. చివరికి నేలను చూస్తూ, "సచ్ హై సాబ్," అన్నాడు.

నా లోపల ఏదో గట్టిగా కట్టిన ముడి తెగింది. అది సంతోషమేనని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఇద్దరు పోలీసులు వచ్చి అతని పక్కన నిలబడ్డారు. తర్వాత అతను జైల్లో ఎన్నాళ్ళున్నాడో, ఎవరు విడిపించారో నన్ను అడగకండి. నేను కనుక్కోలేదు.

ఆఫీసరు కుర్చీలోంచి లేచి, నా వైపు తిరిగి, నెమ్మదిగా చాలాసేపు మాట్లాడాడు. దామోదర్‌రావు నాకు చెప్పడానికి నోరు తెరిచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ఆ నోటితో నాకున్న పని అయిపోయింది. మదార్‌బీ నా పక్కకు వచ్చి నిలబడింది.

"సర్కారును మాఫ్ జెయ్యమని నిన్ను అడుగుతుండు," అన్నది.

"చెయ్యనని జెప్పు," అన్నాను.

మదార్‌బీ ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసింది. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, ఉన్నదున్నట్టు చెప్పింది.